కరెంటుకు మనం తొవ్వ కావద్దు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగ పాఠం)



మన సభలల్ల పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి, వడ్ల కొనుగోలు సెంటర్ల గురించి ఎప్పుడూ మాట్లాడుకుంటం. ఈసారి నేను కరెంటు గురించి మాట్లాడతానని పెద్దక్కలను అడిగి టైం తీసుకున్న. కరెంటు మాట రాంగనే మనం “అది మొగోళ్ల పని” అని పక్కకు జరుగుతం. కానీ పొద్దున లేస్తే మోటరు స్విచ్ వేసేది ఎవరు? బకెట్ల హీటర్ పెట్టేది ఎవరు? మిక్సీ తిప్పేది, కూలర్ల నీళ్లు పోసేది, తడి బట్టలు దండెం మీద ఆరేసేది ఎవరు? మనమే. మరి రోజుకు పదిసార్లు ముట్టుకునేటోళ్లకు తెలవకపోతే ఎట్ల?

ఇందుల పెద్ద చదువు ఏం లేదు. పదో తరగతి భౌతిక శాస్త్రం పుస్తకంల విద్యుత్ ప్రవాహం పాఠం ఉంటది. మన పిల్లలు పరీక్ష కోసం చదివి మరిచిపోతరు. ఆ పాఠంల ఒక్క ముక్క మనం గుర్తు పెట్టుకుంటే ప్రాణాలు నిలబడతయి. ఆ ముక్క ఏందంటే, కరెంటు ఎక్కడి నుంచి బయలుదేరిందో మళ్లీ అక్కడికి తిరిగి పోవాలె. తిరిగి పోవడానికి తొవ్వ ఉంటేనే అది పారుతది. ఆ తొవ్వ మన ఒళ్లు కావద్దు. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టే తిరుగుతది.

ముందుగాల మన ఇంటి దాక కరెంటు ఎట్ల వస్తదో చూద్దాం. మనకు దూరం కూడా లేదు. మన పాత కరీంనగర్ జిల్లాలోని రామగుండంలనే 1971ల 62.5 మెగావాట్ల కరెంటు స్టేషన్ మొదలైంది. తర్వాత ఎన్టీపీసీ వచ్చింది. దాని పాత ఏడు యూనిట్లు కలిపితే 2,600 మెగావాట్లు. సింగరేణి బొగ్గు కాల్చి నీళ్లను ఆవిరి చేస్తరు. ఆ ఆవిరి పెద్ద చక్రాన్ని తిప్పుతది. చక్రానికి అయస్కాంతం ఉంటది, అది రాగి తీగల చుట్ట మధ్యల నిమిషానికి 3,000 సార్లు తిరుగుతది. అయస్కాంతం కదిలితే పక్కన ఉన్న తీగల కరెంటు పుడతదని 1831ల ఫారడే అనే శాస్త్రవేత్త కనుక్కున్నడు. ఇయ్యాల మన ఇంట్ల ఫ్యాను తిరిగేది ఆ సూత్రం మీదనే.

అక్కడి నుంచి లక్షల వోల్టుల మీద పెద్ద టవర్ల లైన్లు వస్తయి. ఎందుకు అంత ఎక్కువ? వోల్టులు పెంచితే అదే పనికి తీగల పారే కరెంటు తగ్గుతది. కరెంటు తగ్గితే తీగ వేడెక్కి దండుగయ్యేది తగ్గుతది. తర్వాత సబ్‌స్టేషన్లల్ల 33 వేలకు, 11 వేలకు దించుకుంట వస్తరు. మన వాడల ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ 11 వేలను ఇంటికి సరిపోయే 230 వోల్టులకు దించుతది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మన ఇంటికి రెండు తీగలు వస్తయి. ఒకటి ఫేజ్, ఒకటి న్యూట్రల్. ఫేజ్ తీగ కరెంటును తెస్తది, న్యూట్రల్ తీగ తిరిగి తీసుకపోతది. మధ్యల బల్బు ఉంటే బల్బు వెలుగుతది. దీన్నే పుస్తకంల వలయం అన్నరు. స్విచ్ తీస్తే వలయం తెగుతది, బల్బు ఆరుతది. అంతే.

మరి న్యూట్రల్ ముట్టుకోకున్నా మనకు షాక్ ఎందుకు కొడతది? ఇక్కడనే అసలు సంగతి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమిల పాతిపెడతరు. అందుకని కరెంటు తిరిగి పోవడానికి న్యూట్రల్ తీగ ఒక్కటే కాదు, భూమి కూడా ఒక తొవ్వే. మనం ఒట్టి కాళ్లతోని నేల మీద నిలబడి ఫేజ్ ముట్టుకున్నమనుకోండి. చేతి నుంచి ఒంట్లకు, కాళ్ల నుంచి భూమికి, భూమి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు వలయం పూర్తి అయితది. తీగ మీద పిట్ట కూసుంటే దానికి ఏమైతలేదు, ఎందుకు? దాని రెండు కాళ్లు ఒక్క తీగ మీదనే ఉన్నయి, భూమికి తాకుతలేదు, తిరిగి పోయే తొవ్వ లేదు. పిట్టకు చదువు రాకున్నా దానికి దొరికిన రక్షణ అదే.

ఇగ ఒక చిన్న లెక్క. వోల్టులను నిరోధంతోని భాగిస్తే ఎంత కరెంటు పారుతదో వస్తది. దీన్ని ఓమ్ నియమం అంటరు. వోల్టు అంటే ట్యాంకు ఎత్తు అనుకోండి, కరెంటు అంటే పారే నీళ్లు, నిరోధం అంటే పైపు సన్నదనం. మన ఒంటికి కూడా నిరోధం ఉంటది. చెయ్యి పొడిగ ఉంటే అది 50 వేల ఓములు కూడా ఉండొచ్చు. 230ని 50 వేలతోని భాగిస్తే నాలుగైదు మిల్లీ ఆంపియర్లు. జిల్లుమని చెయ్యి గుంజుకుంటం. అదే ఒళ్లు తడిగ ఉంటే నిరోధం వెయ్యి ఓముల దాక పడిపోతది. 230ని వెయ్యితోని భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే చేతి కండరాలు బిగుసుకపోయి తీగను వదలలేం. 30 దాటితే శ్వాసకు కష్టం. 100 దగ్గరికి వస్తే గుండె లయ తప్పుతది. అంటే అదే తీగ, అదే మనిషి, చెయ్యి పొడిగ ఉన్నప్పుడు బతికిచ్చింది, తడిగ ఉన్నప్పుడు తీసుకపోయింది. మన పనులల్ల చేతులు పొడిగ ఉండేది ఎప్పుడు? బట్టలు, బోళ్లు, సాన్పు, తానం, అన్నీ తడి పనులే. అందుకే ఈ పాఠం మనకే ఎక్కువ అవసరం.

“మా ఇంట్ల ఫ్యూజ్ ఉంది, ఎంసీబీ పెట్టిచ్చినం, ఏం కాదు” అని చాలామంది అక్కలు అంటరు. జర ఆలోచించండి. ఇంట్ల పెట్టే ఎంసీబీ 16 ఆంపియర్లదో, 32 ఆంపియర్లదో ఉంటది. తడి మనిషి ఒంట్ల నుంచి పారేది పావు ఆంపియర్ కూడా కాదు. పాత 60 వాట్ల బల్బుకు పోయే కరెంటు కూడా సుమారు అంతే. అంటే ఎంసీబీకి మనిషి పోయినా తెలవది, ఎవరో ఒక బల్బు వేసిండ్రు అనుకుంటది. ఎంసీబీ, ఫ్యూజ్ ఉన్నది తీగలు కాలకుండ కాపాడటానికి. మనిషిని కాపాడేది వేరే ఉన్నది. అవి రెండు.

మొదటిది ఎర్తింగ్. మూడు పిన్నుల ప్లగ్గుల పైన లావుగ, పొడుగ్గ ఉండే పిన్ను ఎర్త్‌ది. ఆ పిన్ను నుంచి పచ్చ తీగ ఇంటి బయట ఎర్త్ గుంత దాక పోవాలె. కూలర్ లోపల తీగ తెగి ఇనుప డబ్బాకు తాకిందనుకోండి. ఎర్త్ లేకపోతే డబ్బా మొత్తం కరెంటుతోని నిండి, మనం ముట్టుకునే దాక కాసుకొని ఉంటది. ఎర్త్ ఉంటే కరెంటుకు మనకన్న సులువైన తొవ్వ దొరికి, ఎక్కువ భాగం భూమికి పోతది. పొడుగు పిన్ను ఎందుకంటే ప్లగ్గు పెట్టేటప్పుడు ముందు ఎర్త్ తగలాలె, తీసేటప్పుడు చివరికి అదే రావాలె. మనం ఏం చేస్తం? బోర్డుల రెండు బెజ్జాలే ఉన్నయని ఆ పిన్ను విరగ్గొడతం, లేకపోతే రెండు తీగలు గుంజి బెజ్జాలల్ల అగ్గిపుల్లలు పెట్టి బిగిస్తం. అంటే పైసలు పెట్టి కొన్న రక్షణను మన చేతులతోనే తీసి పారేస్తున్నం.

చాలా ఇండ్లల్ల మూడు బెజ్జాల బోర్డు ఉంటది గని దాని వెనుక ఎర్త్ తీగ ఉండదు. గుంత ఉన్నా ఏండ్ల కింద తవ్వింది ఎండిపోయి ఉంటది. గుంతల ఉప్పు, బొగ్గు వేసి పైపు పాతేది భూమిల తేమ నిలవడానికి. ఎండకాలం దాంట్ల బకెట్ నీళ్లు పొయ్యాలె. చెట్టుకు పోసినట్టు గుర్తు పెట్టుకొని పొయ్యాలె.

రెండోది ఆర్‌సీసీబీ. పేరు కష్టంగ ఉంది గని పని మన సంఘం పుస్తకం లెక్కనే. ఫేజ్‌ల ఎంత పోయింది, న్యూట్రల్‌ల ఎంత తిరిగి వచ్చింది అని అది లెక్క చూస్తనే ఉంటది. మన రిజిస్టర్ల ఇచ్చిన పైసలకు, వచ్చిన పైసలకు తేడా వస్తే మీటింగ్ ఆపి లెక్క తేలుస్తం కదా. అట్లనే 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే ఎక్కడనో ఎవరి ఒంట్ల నుంచో భూమికి పోతుందని కనుక్కొని, రెప్పపాటుల కరెంటు ఆపేస్తది. ఎర్త్ గుంత మంచిగ లేకపోతే ఎంసీబీ పడకపోవచ్చు. గుంత నిరోధం 20 ఓములు ఉంటే పారేది పదకొండున్నర ఆంపియర్లే, 16 ఆంపియర్ల ఎంసీబీ కదలది. ఆర్‌సీసీబీ మాత్రం పడతది. అందుకే రెండూ కావాలె. ఇల్లు మొత్తానికి ఒకటి పెట్టిస్తే సరిపోతది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటది, నెలకు ఒకసారి ఒత్తి చూడాలె. ఒత్తితే పడాలె. పడకపోతే మార్చాలె.

ఇప్పుడు మన ఇండ్లల్ల ఎక్కడెక్కడ మోసం ఉందో చెప్తా.

ఒకటి, దండెం. రేకుల ఇంటికి సర్వీస్ వైరు వస్తది. గాలికి వైరు రేకు అంచుకు రాసుకొని రాసుకొని పై తొడుగు అరుగుతది. ఆ రేకుకో, ఇనుప పైపుకో దండెం తీగ కట్టి ఉంటది. వాన పడ్డ నాడు తడి బట్ట తీసుకొని, తడి కాళ్లతోని ఆ తీగ మీద చెయ్యి వేస్తం. ప్రతి వానకాలం పేపర్ల ఇసొంటి వార్త చదువుతనే ఉన్నం. ఒక్కోసారి కాపాడబోయిన ఇంకొకరు కూడా పోతున్నరు. దీనికి మందు చాలా అగ్గువ. ఇనుప తీగ తీసేసి నైలాన్ తాడు కట్టండి. దాన్ని కరెంటు స్తంభానికి, సర్వీస్ పైపుకు, సర్వీస్ వైరును మోసే ఇనుప తీగకు కట్టొద్దు.

రెండు, బకెట్ల హీటర్. హీటర్ పగిలితే నీళ్లల్లకు కరెంటు దిగుతది. ప్లాస్టిక్ బకెట్ కాబట్టి భూమికి తొవ్వ లేదు, నీళ్లు సప్పుడు చెయ్యకుండ ఉంటయి. నీళ్లు కాగినయా అని మనం వేలు పెట్టంగనే తొవ్వ దొరుకుతది. స్విచ్ బంద్ చేసుడు సరిపోదు, ప్లగ్గు గుంజినంకనే నీళ్లు ముట్టుకోవాలె. పిల్లలు తిరిగే చోట హీటర్ పెట్టొద్దు.

మూడు, కూలర్. నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు తీసి పొయ్యాలె. కింద ఒట్టి కాళ్లతోని నిలబడొద్దు.

నాలుగు, స్విచ్ ఎటు ఉంది అన్నది. స్విచ్ ఫేజ్ తీగను తెంపాలె. కొన్ని ఇండ్లల్ల వైరింగ్ తిరగేసి న్యూట్రల్‌కు స్విచ్ పెడతరు. అప్పుడు స్విచ్ తీస్తే బల్బు ఆరుతది గని హోల్డర్ల కరెంటు ఉండనే ఉంటది. బల్బు మార్చేటప్పుడు మెయిన్ బంద్ చెయ్యాలె. వైరింగ్ చేసినాయనను టెస్టర్ పెట్టి చూపించమని అడగాలె. అడిగితే తప్పేం లేదు, కూలి మనమే ఇస్తున్నం.

ఐదు, చిన్న బోర్డుకు పెద్ద బరువు. ఇంట్ల తీగలన్నీ సమాంతరంగ కలిపి ఉంటయి. బతుకమ్మకు, పెండ్లికి కట్టే సీరియల్ బల్బులు ఒకదాని వెనుక ఒకటి ఉంటయి కాబట్టి ఒక బల్బు తీస్తే దానితోని ఉన్న వరుసంత ఆరుతది. ఇంట్ల అట్ల కాదు, దేనిది దానికే. కానీ అన్నిటి కరెంటు ఒక్క తీగలనే కూడుతది. 1,500 వాట్ల హీటర్‌కు ఆరున్నర ఆంపియర్లు కావాలె. చిన్న సాకెట్ మోసేది ఆరే. అదే బోర్డుకు ఇస్త్రీ పెట్టె, మిక్సీ కలిపితే తీగ కాగుతది, ప్లాస్టిక్ వాసన వస్తది. ఫ్యూజ్ పోతే ఫ్యూజ్ తీగనే వెయ్యాలె. లావు రాగి తీగ వేస్తే ఫ్యూజ్ నిలుస్తది గని ఇల్లు కాలుతది.

ఆరు, పొలం. అడవి పందుల కోసం చేను చుట్టూ తీగ కట్టి కరెంటు పెట్టుడు నేరం. పంది కోసం పెట్టిన తీగకు పక్క చేను కూలీలు, చేను సొంతదారులు కూడా బలైతున్నరు. ఇంట్ల మొగోళ్లు ఆ పని చేస్తామంటే మనం అడ్డం పడాలె. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజ్ పోతే ఎక్కుడు, కర్రతోని గెలుకుడు చేయనియ్యొద్దు. 1912కు ఫోన్ చెయ్యాలె. లైన్‌మెన్ వచ్చే దాక పొలం ఒక పూట ఎండితే ఎండనీ.

ఇగ బిల్లు సంగతి కూడా రెండు మాటలు. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల దాక అర్హత ఉన్న ఇండ్లకు జీరో బిల్లు వస్తుంది. 200 దాటితే మొత్తం కట్టాలె. 200ను 30 రోజులతోని భాగిస్తే రోజుకు ఆరున్నర యూనిట్ల పైన కొంచెం. ఎండకాలం ఒక ఇంటి లెక్క చూడండి. 75 వాట్ల ఫ్యాన్లు రెండు 12 గంటలు తిరిగితే 1.8 యూనిట్లు. 180 వాట్ల కూలర్ 8 గంటలకు దాదాపు 1.4. ఫ్రిజ్ సుమారు 1. టీవీ 80 వాట్లది 5 గంటలకు 0.4. ఎల్‌ఈడీ బల్బులు నాలుగు 6 గంటలకు 0.2. ఒక హార్స్‌పవర్ మోటరు అర్ధగంటకు దాదాపు 0.4. హీటర్ అర్ధగంటకు 0.75. మొత్తం ఆరు దగ్గరికి వచ్చింది, నెలకు 180. ఇంకో కూలర్ తోడైతే 200 దాటినట్టే. అన్నీ బంద్ చేసినా మీటర్ల ఎర్ర లైటు మిణుకుతుందంటే ఎక్కడనో కరెంటు కారుతుందని అనుమానించి చూపించాలె. అది బిల్లు సంగతే కాదు, ప్రాణం సంగతి కూడా.

ఎవరికన్నా షాక్ కొడితే ఏం చెయ్యాలె? ముట్టుకోవద్దు. ముట్టుకుంటే మనం కూడా తొవ్వల కలుస్తం. ముందు మెయిన్ బంద్ చెయ్యాలె. అది అందకపోతే పొడి చెక్క మీదనో, ప్లాస్టిక్ కుర్చీ మీదనో నిలబడి ఎండిన కట్టెతోని తీగను తప్పించాలె. ఇది ఇంటి కరెంటుకే. 11 వేల తీగ తెగి పడితే కట్టె కూడా పనికిరాదు, దూరం ఉండి 1912కు చెప్పాలె. మనిషి విడిపోయినంక ఊపిరి లేకపోతే కాళ్లు చేతులు రుద్దుకుంట కూసోవద్దు. వెంటనే 108కు ఫోన్ చేసి, రొమ్ము నడుమ రెండు చేతులతోని నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగ ఒత్తుతనే ఉండాలె.

అక్కలారా, ఇదంతా మన సమాఖ్యకు ఎందుకు? మనం సంఘాల నుంచి లోన్ తీసుకొని పిండి గిర్నీలు, కారం మిషన్లు, కరెంటు కుట్టు మిషన్లు, గడ్డి కోసే మిషన్లు పెట్టుకుంటున్నం. మిషన్‌కు లక్ష రాస్తం, షెడ్డుకు రాస్తం, ఎర్త్‌కు మాత్రం ఒక్క రూపాయి రాయం. గిర్ని ఇనుముది, పని చేసేది ఆడమనిషి. లోన్ తీర్చాల్సిన మనిషే పోతే వడ్డీ రాయితీ ఎవరికి? అందుకని నేను సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్న. ఇక మీద ఎంసీపీ రాసేటప్పుడు, కరెంటుతోని నడిచే ఏ మిషన్‌కైనా ఎర్త్ గుంత, ఆర్‌సీసీబీ ఖర్చు కూడా లోన్లనే రాయాలె. ఎర్తింగ్ పూర్తి అయిందని గ్రామైక్య సంఘం నుంచి ఇద్దరు పోయి చూసి వచ్చినంకనే ఆఖరు విడత ఇయ్యాలె. ప్రతి సంఘం వానకాలం కన్నా ముందు ఒక మీటింగ్‌ల సభ్యుల ఇండ్ల దండేలు, సర్వీస్ వైర్లు, ఎర్త్ గుంతలు చూసి రిజిస్టర్ల రాయాలె. పొదుపు రాసినట్టే ఇది కూడా రాయాలె.

కరెంటు మన చేతిల పని కాదని ఎవరన్నా అంటే సిరిసిల్లను చూపించండి. అక్కడ 1970 నుంచి సహకార సంఘమే ఇండ్లకు, పొలాలకు, మగ్గాలకు కరెంటు పంపిణీ చేస్తుంది. రామగుండంల ఎన్టీపీసీ చెరువు నీళ్ల మీద 2022ల 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నయి. ఇప్పుడు మన మహిళా సంఘాలతోని 1,000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టించాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఒక మెగావాట్ ప్లాంటుకు సుమారు నాలుగు ఎకరాల జాగ కావాలె, ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు వస్తయి. రేపు కరెంటు అమ్మేటోళ్లం మనమే అయితే, యూనిట్ అంటే ఏందో, ఎర్త్ అంటే ఏందో మనకు తెలవకపోతే లెక్క ఇంకెవరి చేతికో పోతది.

ఈ సభ నుంచి ఇంటికి పోంగనే రెండు పనులు చెయ్యండి. మీ దండెం ఇనుప తీగనా, తాడా చూడండి. మీ కూలర్ ప్లగ్గుకు మూడో పిన్ను ఉందా చూడండి. లేకపోతే ఈ వారంలనే మార్పించండి. నా ప్రతిపాదన మీద పాలకవర్గం చర్చ పెట్టి, తీర్మానం పుస్తకంల రాయాలని కోరుతున్న.